పదో ఎర్ర గుండీ

మా ఇంటి లెక్కల మేడమ్‌కి, అంటే నా చిట్టితల్లికి,

మీ నాన్న ముద్దులు, మీ అమ్మ మొట్టికాయలు. మొట్టికాయలు ఎందుకంటే పోయిన ఆదివారం ఫోన్ చేస్తానని చేయలేదట.

సకల బంధుమిత్రులకూ, ఇరుగుపొరుగు వారికీ, ముఖ్యంగా హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయికీ సవినయంగా తెలియజేయునది ఏమనగా: కుళాయిల ఫ్యాక్టరీలో కుళాయిలు కారకుండా పరీక్ష చేసే ఉద్యోగం ఏళ్ళ తరబడి వెలగబెడుతున్న ఒక పెద్దమనిషి ఇంట్లో, ఏళ్ళ తరబడి కారుతున్న వంటగది కుళాయి, మొన్న గురువారం ఉదయం, ఇల్లాలి సమక్షంలో, కారడం మానేసింది. ఈ మహత్కార్యం ఎవరు చేశారో చెప్పుకోవడానికి నా వినయం అడ్డొస్తోంది. మీ అమ్మ మాత్రం, "వీధి మొత్తానికి నీళ్ళే రావడం లేదు, ఇంకేం కారుతుంది" అంటోంది. ఆవిడ మాటలు పట్టించుకోకు.

ఇక్కడ మేమందరం ఉన్నచోట ఉన్నట్టే ఉన్నాం. నువ్వు కూడా వేళకి తిని, వేళకి పడుకుని, మిగిలిన వేళల్లో చదువుకుంటున్నావని అనుకుంటున్నాం. మీ అమ్మ అయితే మూడోది తప్ప ఏదీ జరగడం లేదని అనుకుంటోంది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం ఏంటి నాన్నా అంటావు. మొదలుపెట్టింది నువ్వే. లెక్క ఫోన్లో చెప్తే నా బుర్రకి ఎక్కదని నాలుగు పేజీలు రాసి పంపావు. అప్పటినుంచీ నాకూ కాగితం అలవాటైంది. ఈసారి ఇంకో కారణం కూడా ఉందిలే, తర్వాత చెప్తాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. మెట్లు ఎక్కేటప్పుడు దేవుణ్ణి తిడుతోంది, దిగేటప్పుడు నన్ను తిడుతోంది. తిట్లలో తేడాని బట్టి చూస్తే దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. ఫ్యాక్టరీలో కోతి వేషాలు మానేశావా అన్నావు. పూర్తిగా మానేశాను. మొన్న మా సూపర్‌వైజర్‌ని పిలిచి, "ఇది కారుతోందేమో కాస్త ఒంగి చూడండి సార్" అన్నాను. ఆయన ఒంగాక కుళాయి తిప్పాను. అది కారింది. నేను అడిగింది అదే కదా. దాన్ని కోతి వేషం అంటే నేనొప్పుకోను.

ఇక నీ అసలు ప్రశ్న. బాబాయి లెక్క ఎంతవరకూ వచ్చింది, మధ్యలో ఆపేశారా, రూలేమైనా మార్చారా అన్నావు. మీ మాస్టారికి ఈ ఉత్తరం చూపిస్తానని కూడా రాశావు. అందుకని నీకు తెలిసిందే అయినా మొదట్నించీ చెప్తాను. ఆయనకి కూడా అర్థం కావాలి కదా. మాస్టారూ, నమస్కారం. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి మళ్ళీ వెళ్ళలేదు. తప్పులుంటే అక్కడ మార్కులు తగ్గించుకోండి.

మా ఫ్యాక్టరీలో బయటికి వెళ్ళే దారిలో గోడకి ఒక పెట్టె బిగించి ఉంటుంది. దానికి ఒక మీట, రెండు లైట్లు. పని అయిపోయాక ప్రతివాడూ మీట నొక్కాలి. పచ్చ లైటు వెలిగితే ఇంటికి. ఎర్ర లైటు వెలిగితే పక్కనున్న తెర వెనక్కి. ఇత్తడి ఖరీదైన సరుకు, ఎవడైనా జేబులో వేసుకుపోతాడేమోనని భయం. నాలుగు వందలమందినీ వెతకాలంటే తెల్లారిపోతుంది కాబట్టి పదిమందికి ఒకణ్ణి వెతుకుతారు. ఆ ఒకడు ఎవడో మనుషులు తేలిస్తే పక్షపాతం అంటారని మిషన్ కొన్నారు. పెట్టె మీద "ఇది ఎవరినీ ఎరగదు" అని పెద్దక్షరాలతో రాయించారు కూడా.

తెర వెనక మీసాలాయన ఉంటాడు. సెక్యూరిటీ. చొక్కా విప్పించి, బూట్లు విప్పించి, టిఫిన్ డబ్బా మూత తీయించి చూస్తాడు. నాకు పడ్డప్పుడు నేను చక్కిలిగింతలని గోల పెడతాను. ఆయన విసుక్కుని, "పోవయ్యా బాబూ" అని వదిలేస్తాడు. అదే ఫ్యాక్టరీలో ఉన్న మీ బాబాయికి ఆ విద్య రాదు. వాడు అడక్కముందే చేతులు పైకెత్తి నిలబడతాడు. బయటికి వచ్చాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల వంచుకుని నడుస్తాడు. చూసేవాళ్ళకి ఏదో దొరికినట్టే ఉంటుంది.

ఒక నెలలో వాడికి ఎనిమిదిసార్లు ఎర్ర పడింది. పాతికరోజుల పనిలో ఎనిమిది. మొదట్లో అందరూ సరదాగానే అన్నారు. "ఏమయ్యా మౌనం, మిషన్ నిన్ను మరిగినట్టుందే" అని. (మాస్టారూ, మా తమ్ముడు రోజుకి పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు దగ్గులే. అందుకని మౌనం అంటారు.) తర్వాత సరదా తగ్గింది. వాడి వెనక ఎవరూ వరసలో నిలబడేవాళ్ళు కాదు. ఒకడు నా ఎదురుగానే, "ఊరికే పడుతుందా అన్ని సార్లు" అన్నాడు. ఊరికే పడుతుందనేగా మిషన్ కొన్నది అని నేను అన్నాను. వాడు నవ్వలేదు.

ఇదంతా నవ్వి వదిలేసేదే. కానీ రెండు మూడు నెలల్లో స్టోరు గుమాస్తా రిటైర్ కాబోతున్నాడు. మీ బాబాయి పాలిష్ సెక్షన్లో ఎన్నాళ్ళుగా ఉన్నాడో నీకు తెలుసు. రోజంతా చక్రం ముందు నిలబడి, ఇత్తడి పొడి మింగుతూ. వాడి చొక్కా ఉతికితే నీళ్ళు ఆకుపచ్చగా దిగుతాయని మీ అమ్మ చెప్పేది. డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో చూసి, మందులు తర్వాత, ముందు ఆ పొడిలోంచి బయటపడు అన్నాడు. పొడి లేని చోటు మా ఫ్యాక్టరీలో స్టోరు ఒక్కటే. సర్వీసు ప్రకారం ఆ ఉద్యోగం వాడికే రావాలి. నేను ఆఫీసరు గదికి వెళ్ళాను.

"మీ తమ్ముడు మంచివాడే, నాకు తెలుసు" అన్నాడు ఆయన. "ఎన్నిసార్లు వెతికినా ఏమీ దొరకలేదు, అదీ తెలుసు."

"మరి ఇంకేం సార్."

"నెలలో ఎనిమిదిసార్లు ఎర్ర పడ్డవాడికి స్టోరు తాళాలిస్తే నలుగురూ ఏమంటారు?"

"ఆ పెట్టె ఎవరినీ ఎరగదని మీరే రాయించారు. ఎరగనిదాని మాట ఎలా నమ్ముతారు సార్?"

"అందుకేనయ్యా నమ్మేది. అది ఎవరినీ ఎరగదు, దానికి పక్షపాతం లేదు."

నేను గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాను. ఆయన నా మొహం చూసి జాలిపడినట్టున్నాడు. "మిషన్ తప్పుగా పనిచేస్తోందని చూపించు. విప్పించి చూస్తాను. తమ్ముడి సంగతి అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

అప్పుడే నీకు ఫోన్ చేశాను. నువ్వు నాలుగు పేజీలు పంపావు.

మొదటి పేజీ చదివి ఎగిరి గంతేశాను. మిషన్ సరైనదే అయితే, ఒక మనిషికి నెలలో ఎనిమిది గానీ అంతకు మించి గానీ పడటం వెయ్యిలో రెండుసార్లు జరిగే సంగతి అని రాశావు. మిషనే దొంగ, దొరికిపోయింది అనుకున్నాను. రెండో పేజీ తిప్పాను. మీ ఫ్యాక్టరీలో ఎంతమంది నాన్నా, నాలుగు వందలు కదా, అన్నావు. అంతమంది నెలంతా నొక్కుతుంటే, ఏ పాపం ఎరగని మిషన్ అయినా ఇంచుమించు నెలకి ఒకణ్ణి అలా పట్టుకుంటుందన్నావు. ఎనిమిది పడ్డాయి కాబట్టే మీరు బాబాయి వైపు చూశారు, మళ్ళీ ఆ ఎనిమిదినే సాక్ష్యంగా పెడితే చెల్లదు అన్నావు.

ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను, ఎక్కడైనా నీ తప్పు దొరుకుతుందేమోనని. తర్వాత మీ బాబాయికి చదివి వినిపించాను. వాడు కాగితాలు తీసుకుని జాగ్రత్తగా మడతపెట్టాడు. "అంటే ఎవడో ఒకడు అవ్వాల్సిందే కదా అన్నయ్యా. నేనయ్యాను" అన్నాడు.

మూడో పేజీలో దారి చెప్పావు. పాతది మర్చిపోండి, కొత్తగా మొదలుపెట్టండి. ముందు మిషన్ మంచిదే అని ఒప్పుకోండి. అది నాకు మింగుడు పడలేదు. మా నీళ్ళ పరీక్షలో ప్రతి కుళాయీ కారుతుందనే మొదలుపెడతాం, కారలేదని అది చూపించుకుంటేనే ముద్ర వేస్తాం. నువ్వేమో, దొంగని పట్టుకోవడానికి వెళ్ళి ముందు వాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టమన్నావు. సరే, కూర్చోబెట్టాం. బాబాయి రోజుకొకసారి చొప్పున యాభైసార్లు నొక్కాలి. మంచి మిషన్ అయితే అయిదు ఎర్రలు పడాలి, కాస్త అటూ ఇటూ. పది, లేదా పదికి మించి పడితే, మంచి మిషన్ అలా చేయడం నూటికి మూడుసార్లు కూడా ఉండదు కాబట్టి గట్టిగా అడగొచ్చు. తొమ్మిది పడితే నోరు మూసుకోవాలి. మధ్యలో ఆపకూడదు, తర్వాత మార్చకూడదు. మొదలుపెట్టేముందే ఆఫీసరుకి చెప్పేయాలి. చెప్పాను. "పది పడితే విప్పిస్తాను" అని ఆయన అందరి ముందూ అన్నాడు. స్టోరు గుమాస్తా రిటైరయ్యేది కూడా ఇంచుమించు అప్పటికే.

లెక్క దేనితో పెట్టాలి అని ఆలోచించాం. మా దగ్గర రబ్బరు వాషర్లు కావలసినన్ని ఉంటాయి, ఎర్రవి, నల్లవి. కానీ దొంగలం కామని చూపించుకోవడానికి వాషర్లు దొంగతనం చేస్తే బాగుండదని మీ బాబాయే అన్నాడు. వాడు జోకు వేయడం అదే మొదటిసారి, అది కూడా వాడు జోకని అనుకోలేదు. మీ అమ్మ కుట్టు డబ్బాలోంచి గుండీలు తీసుకున్నాం. పచ్చ పడితే తెల్ల గుండీ, ఎర్ర పడితే ఎర్ర గుండీ. ఇంటికి రాగానే ఒక గాజు సీసాలో వేసేవాళ్ళం. "నా జాకెట్ల గుండీలు కాస్తా మీ మిషన్ పాలు చేశారు" అని మీ అమ్మ గొణిగింది గానీ, రోజూ సాయంత్రం మేం గుమ్మం తొక్కగానే, "ఏ రంగు?" అని అడిగేది.

నేను రోజూ వాడి వెనకే నిలబడేవాణ్ణి. దూరం నుంచి చూస్తే అది మీట నొక్కడమే. దగ్గర్నుంచి చూస్తే వేరే. వాడు జేబులు ముందే బయటికి తిప్పుకునేవాడు. టిఫిన్ డబ్బా తేవడం మానేశాడు, క్యాంటీన్లో ఏదో తినేవాడు. చేతులు నాలుగుసార్లు కడుక్కుని వచ్చి, చొక్కాకి తుడుచుకుని, అప్పుడు వేలు పెట్టేవాడు. వేళ్ళకి ఇత్తడి పొడి ఉండి మీట అంటుకుపోతోందేమో అని వాడి అనుమానం. అయితే ఆ చేతులు కడుక్కోవడం మానెయ్‌రా, పది ఎర్రలూ పడతాయి అన్నాను. "అది మోసం" అన్నాడు.

ముప్పై గుండీలు పడేసరికి సీసాలో ఏడు ఎర్రవి. నువ్వు నేర్పిన లెక్క నేనూ కాస్త నేర్చుకున్నానులే. ఇక్కడ ఆపితే మనం గెలిచినట్టే. "ఒరేయ్, రేపు వెళ్దాం, ఏడు చాలు" అన్నాను. వాడు సీసా తీసుకుని తన గదిలో పెట్టుకున్నాడు. "యాభై అని అమ్మాయికి మాటిచ్చాం" అన్నాడు. నువ్వు మధ్యలో ఆపేశారా అని అడిగావు కదా, ఇదీ జవాబు. ఆపాలని చూసింది నేను. ఆపనివ్వనిది వాడు.

ఆ తర్వాత తెల్లవే పడటం మొదలుపెట్టాయి. వరసగా తెల్లవి. మామూలు మనిషైతే సంతోషించాలి. మా ఇంట్లో తెల్ల గుండీ పడ్డ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినేవాళ్ళు కాదు. ఎర్ర పడిన రోజు, వాణ్ణి తెర వెనక నిలబెట్టి బట్టలూడదీసిన రోజు, మీ అమ్మ కూర ఇంకాస్త వేసేది. ఎలాంటి ఇల్లయిపోయిందో చూడు మనది.

చివరి రోజుకి సీసాలో తొమ్మిది ఎర్రవి. ఒక్క నొక్కుడు మిగిలింది.

ఆరోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు గానీ అందరికీ తెలిసిపోయింది. పాలిష్ సెక్షన్ మొత్తం వెనకాల నిలబడింది. మీ బాబాయి వేలు పెట్టాడు. ఎర్ర వెలిగింది తల్లీ. ఎర్రగా, బొద్దుగా, పెళ్ళికూతురి బొట్టులా వెలిగింది. వెనక ఎవడో ఈల వేశాడు. మీ బాబాయి నవ్వుతూ తెర వెనక్కి వెళ్ళాడు. "ఇన్నేళ్ళలో ఎర్ర పడితే నవ్వినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు మీసాలాయన. చొక్కా విప్పమనలేదు, భుజం తట్టి పంపాడు.

మర్నాడు ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు. మెకానిక్‌ని పిలిపించి అందరి ముందూ పెట్టె విప్పించాడు. మీట అడుగున ఇత్తడి పొడి గట్టిగా పేరుకుపోయి ఉంది, పిడికెడు. పాలిష్ వాళ్ళ వేళ్ళనుంచి రాలింది. వాళ్ళు నొక్కినప్పుడు సగం లోపలే ఆగిపోయి ఎర్ర వైపు తగులుతోందట. ఆఫీసరు తల వంచుకుని, "పొరపాటు మాది" అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నా చెవులతో విన్నాను. సోమవారం నుంచి మీ బాబాయి స్టోర్లో. దానికి ఒక కిటికీ ఉంది, చూస్తే మెయిన్ రోడ్డు కనిపిస్తుంది. చక్రం మోత వినబడదు. వాడు పొద్దున్న తెల్ల చొక్కా వేసుకుని వెళ్తాడు, సాయంత్రం అదే తెల్ల చొక్కాతో వస్తాడు. నిన్న మీ అమ్మ ఆ చొక్కా ఉతికి, "ఒరేయ్, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయిరా" అంది.

ఇక్కడిదాకా చదివి నవ్వుతూ ఉంటావు. ఇంక ఆగు తల్లీ.

ఇంతవరకూ రాసేసరికి మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మీ బాబాయి మేడ మీంచి దిగివచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మాయికేనా? చదువు" అన్నాడు. చదివాను. సూపర్‌వైజర్ దగ్గర కొంచెం నవ్వాడు. ఎర్ర లైటు వెలిగిందన్న దగ్గర నా మొహంలోకి చూశాడు. నేను ఆపలేదు, స్టోరు దాకా చదివేశాను. వాడు దగ్గు తగ్గేదాకా ఆగి, "ఇది వాళ్ళ మాస్టారికి చూపిస్తానంది కదూ" అన్నాడు.

"అంది."

"మరి ఇది నిజమనుకుని వాళ్ళు ఇంకెవరికో చెప్తారు. వాళ్ళెవరో గుండీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. జరిగింది కూడా రాయన్నయ్యా."

రాస్తున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడానికి నా రెండో కారణం ఇదే. ఫోన్లో నీ గొంతు వింటూ నేను ఈ అబద్ధం చెప్పలేను. కాగితం నన్ను ఎదురు ప్రశ్నలు అడగదు.

చివరి రోజు పచ్చ వెలిగింది.

వెనకవాళ్ళు, "బతికిపోయావు మౌనం, పద ఇంటికి" అన్నారు. వాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. మీ బాబాయి కదల్లేదు. కాసేపటికి తనంతట తనే తెర వైపు నడిచి, చేతులు పైకెత్తాడు. మీసాలాయన కంగారుపడి, "నీకు కాదయ్యా, పచ్చ పడింది, వెళ్ళు" అని వాడి చేతులు పట్టుకుని కిందికి దించాడు. నేను వాడి వెనకే ఉన్నాను. ఇన్నేళ్ళుగా ఎవర్నైనా ఏదైనా అని నవ్వించినవాణ్ణి, నాకు ఒక్క మాట రాలేదు.

ఇంటికొచ్చాక కుట్టు డబ్బాలోంచి ఒక ఎర్ర గుండీ తీశాను. "వేసేస్తున్నానురా. సీసాలోకి ఎవడు తొంగి చూడొచ్చాడు" అన్నాను. వాడు సీసా మూతి మీద అరచెయ్యి పెట్టాడు. లాగేద్దామనుకున్నాను. వాడి చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఊరుకున్నాను. తెల్లది వాడే వేశాడు.

తొమ్మిదైతే నోరు మూసుకోమన్నావు. మేం మూసుకున్నాం. ఆఫీసరే పిలిచి అడిగాడు. తొమ్మిది అన్నాను. "చూశావా, మిషన్ బాగున్నట్టే కదా. మీరే తేల్చారు" అన్నాడు. నీ నాలుగో పేజీలో ఉన్నదంతా ఆయనకి చెప్పబోయాను. తప్పు దొరకలేదంటే తప్పు లేదని కాదు సార్, గంటసేపు చూసి చుక్క పడలేదని ఆ కుళాయి ఎప్పటికీ కారదని మేం రాసివ్వం కదా, అన్నాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "పది అని గీత గీసింది మీరే కదయ్యా" అన్నాడు. అదీ నిజమే. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. గేటు మిషన్ సక్రమంగా పనిచేస్తోందని కార్మికులే స్వయంగా పరీక్షించి నిర్ధారించారు, అని. ఇప్పుడు ఎవడికి ఎర్ర పడినా మా పరీక్ష చూపిస్తారు. స్టోరు ఉద్యోగం ఇంకొకాయనకి ఇచ్చారు. మంచివాడే. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు ఏమీ దొరకలేదు.

మిషన్ మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు. చెడ్డదని తెలిస్తే పోట్లాడేవాణ్ణి. మంచిదని తెలిస్తే మా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి. రెండూ కాకుండా మధ్యలో నిలబడటం నాకు రాదు, ఎవరూ నేర్పలేదు. ఇంకా గట్టిగా తేలాలంటే ఇంకా ఎక్కువసార్లు నొక్కాలి నాన్నా అని నువ్వు రాస్తావు. ముందే రాశావు కూడా. నీ లెక్కలో తప్పు లేదు తల్లీ, నువ్వు బాధపడకు. కానీ మీట ఒకసారి నొక్కాలంటే ముందు వాడు రోజంతా ఆ చక్రం ముందు నిలబడాలి. డాక్టరు మొన్న మళ్ళీ ఫోటో తీయించాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాడు. నాకు ఏమీ అర్థం కాలేదు, ఆయన మొహం తప్ప. ఈ పని మానేసి ఇంకోటి వెతుక్కోరా అంటే, ఈ వయసులో ఈ దగ్గుతో నన్నెవరు పెట్టుకుంటారు అంటాడు. నేను రెండుచోట్ల అడిగాను. వాడన్నదే అన్నారు.

మాస్టారికి చూపించేటప్పుడు తేడా తెలియాలి కాబట్టి విడమర్చి చెప్తున్నాను. చివరి రోజు ఎర్ర లైటు నా కల్పన. ఈల, మీసాలాయన భుజం తట్టడం కల్పన. మెకానిక్ రాలేదు, పెట్టె ఎవరూ విప్పలేదు, లోపల ఇత్తడి పొడి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆఫీసరు పొరపాటని అనలేదు. స్టోరు, తెల్ల చొక్కా, మీ అమ్మ అన్న మాట, అన్నీ నేను పుట్టించినవే. మిగిలినదంతా జరిగింది.

ఇంత చెప్పాక ఆ అబద్ధపు ముక్క కొట్టేద్దామని పెన్ను పెట్టాను. మీ బాబాయి వద్దన్నాడు. "ఉండనీ. ఆ స్టోరు దగ్గర్నించి ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. కిటికీలోంచి గాలి వస్తుందా అని అడిగాడు. వస్తుందిరా, పైన ఫ్యాను కూడా ఉంది అన్నాను. ఫ్యాను సంగతి కాగితం మీద లేదు. అది కూడా కల్పించిందే.

ఇట్లు,
మీ బాబాయి పక్కన కూర్చుని రాసిన
నాన్న